ఆలివ్ గుడ్డు రాలేదా? ముందు పుంజు నెత్తిన చూడండి

ప్రశ్న: ఆస్టిన్ శివార్లలో ఎకరంన్నర స్థలంలో ఉంటాం. పన్నెండు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పెట్టల్లో ఈస్టర్ ఎగ్గర్లనే రంగుగుడ్ల కలగలుపు కోళ్ళు నాలుగు (ఒకటి నీలం గుడ్డు, మూడు లేత ఆకుపచ్చ), ముదురు బ్రౌన్ గుడ్డు పెట్టే బ్లాక్ కాపర్ మారాన్స్ మూడు, వైట్ లెగ్‌హార్న్ రెండు, బార్డ్ రాక్ రెండు, నీలం గుడ్డు పెట్టే క్రీమ్ లెగ్‌బార్ ఒకటి. పుంజు కూడా ఈస్టర్ ఎగ్గరే, హాచరీ నుంచి తెచ్చాం. దాని నెత్తిన జుట్టు రంపం పళ్ళలా నిటారుగా ఉంటుంది. ముదురు ఆలివ్ రంగు గుడ్లు కావాలని పోయిన మార్చిలో మారాన్స్ గుడ్లు ఆరు, నీలం–పచ్చ గుడ్లు పన్నెండు ఇంక్యుబేటర్‌లో పెట్టాం. ఫ్యాన్ లేని చిన్నది, 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంచాం. 23వ రోజుకి పదకొండు పిల్లలు లేచాయి. అందులో ఆరు పెట్టలు. ఇప్పుడు గుడ్డుకొచ్చాయి: నాలుగు లేత బ్రౌన్, రెండు లేత ఆకుపచ్చ. ఆలివ్ ఒక్కటీ లేదు. మారాన్స్‌కి పుట్టిన రెండూ తల్లి కన్నా లేత గుడ్లే పెడుతున్నాయి. అసలు పచ్చగుడ్డులోంచి వచ్చిన పెట్ట బ్రౌన్ గుడ్డు పెట్టడమేంటి? ఏ పుంజుని ఏ పెట్టలకి వేయాలి? ఇంకో మాట: నల్గొండలో మా మామగారు నాటుకోళ్ళు పెంచుతారు, అక్కడ ఇలా చేయొచ్చా అంటున్నారు. కడక్‌నాథ్ నల్లగుడ్డు పెడుతుందన్నది నిజమేనా?

సమాధానం: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉందండీ. పుంజు నెత్తిన జుట్టు రంపం పళ్ళలా నిటారుగా ఉంటుందని రాశారు చూడండి, అదే. ఆ పుంజులో నీలం గుడ్డు జన్యువు దాదాపుగా లేనట్టే. మారాన్స్ పెట్టలకి దాన్ని ఎన్నేళ్ళు వేసినా ఆలివ్ రాదు. ఎందుకో తెలియాలంటే పెంకు రంగు ఎలా పడుతుందో కాస్త చెప్పుకోవాలి.

కోడిగుడ్డు పెంకుకి అసలు రంగులు రెండే: తెలుపు, నీలం. మిగతా రంగులన్నీ ఆ రెంటి మీద బ్రౌన్ పూత పడితే వచ్చేవి. పోచంపల్లి చీరనీ అద్దకం చీరనీ పక్కపక్కన పెట్టి చూడండి. పోచంపల్లిలో నూలుకే రంగు పట్టించి నేస్తారు కనక తిరగేసినా అదే రంగు. అద్దకంలో రంగు పైన పడుతుంది, వెనకవైపు వెలవెలబోతుంది. నీలం గుడ్డు పోచంపల్లి లాంటిది. బిలివర్డిన్ అనే రంగు పదార్థం పెంకు కడుతున్నంతసేపూ అందులో కలిసిపోతుంది కాబట్టి లోపలా నీలమే, బయటా నీలమే. బ్రౌన్ అద్దకం. పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడితే, ప్రోటోపార్ఫిరిన్ అనే బ్రౌన్ రంగులో ఎక్కువ భాగం ఆఖరి కొన్ని గంటల్లో పైపైన పడుతుంది. నీలం పెంకు మీద పల్చటి బ్రౌన్ పడితే లేత ఆకుపచ్చ. అదే నీలం మీద మారాన్స్ లాంటి చిక్కటి బ్రౌన్ పడితే ఆలివ్.

రేపు ఆమ్లెట్ వేసేటప్పుడు ఒక పని చేయండి. మీ ఆరు కొత్త పెట్టల గుడ్లు విడివిడిగా పగలగొట్టి, పెంకు లోపల అతుక్కున్న తెల్లటి పొరని గోటితో లాగేయండి. తడిగా ఉన్నప్పుడే తేలిగ్గా వస్తుంది. పెంకు లోపలి వైపు కిటికీ వెలుతుర్లో చూడండి. లేత పచ్చ గుడ్లవి లోపల నీలంగా కనిపిస్తాయి. బ్రౌన్ గుడ్లవి తెల్లగా ఉంటే ఆ పెట్టల్లో నీలం జన్యువు లేదని ఖాయం. ఒక్కోసారి బయటికి బూడిదరంగు బ్రౌన్‌లా కనిపించే గుడ్డు లోపల నీలం తేలుతుంది, అది బంగారం లాంటి పెట్ట. అందుకే పైరంగు చూసి పెట్టలని తీసేయకండి, లోపల చూశాకే నిర్ణయించుకోండి.

నీలానికి కారణం ఒకే ఒక్క జన్యువు. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్క కాపీ వచ్చినా చాలు, పెంకు నీలమవుతుంది. స్కూల్లో జన్యుశాస్త్రం పాఠంలో నాలుగు గడుల పట్టిక వేయించేవారు గుర్తుందా, ఆ పట్టికకి పేరిచ్చిన పన్నెట్టే 1933లో ఈ నీలం గుడ్డు లెక్క కూడా తేల్చాడు. పాతకాలంలో ఎప్పుడో ఒక వైరస్ ముక్క కోడి జన్యువుల మధ్య ఇరుక్కుపోవడం వల్ల ఈ రంగు వచ్చిందని 2013లో తెలిసింది. చిలీ దేశపు అరౌకానా కోళ్ళలోనూ, చైనాలో దాంగ్‌షియాంగ్ కోళ్ళలోనూ జరిగింది ఇదే. బ్రౌన్ సంగతి వేరు. దాన్ని ఎన్నో జన్యువులు కలిసి తలో కాస్త నడిపిస్తాయి కాబట్టి పాలల్లో డికాషన్ కలిపినట్టే, ముదురు పెట్టకీ లేత జాతి పుంజుకీ పుట్టిన కూతురు మధ్యరకం రంగు పెడుతుంది. మీ మారాన్స్ కూతుళ్ళు తల్లి కన్నా లేత గుడ్డు పెట్టడానికి కారణం అదే. మారాన్స్ వైపు నుంచి సగమే వచ్చింది, ఆ రెండో సగం మీ పుంజు పలచన చేసేసింది.

ఇప్పుడు జుట్టు సంగతి. హాచరీలమ్మే ఈస్టర్ ఎగ్గర్లకి నీలం ఎక్కువగా అమెరౌకానా, అరౌకానా రక్తం నుంచి వస్తుంది. ఆ జాతులకి నెత్తిన ఉండేది పీ కోంబ్. ఎత్తు తక్కువగా, తలకి అంటుకుని, మూడు వరసల చిన్న బుడిపెల్లా ఉంటుంది. పీ కోంబ్ జన్యువూ నీలం జన్యువూ ఒకే క్రోమోజోమ్ మీద పక్క ఇళ్ళవాళ్ళలా ఉంటాయి, నూటికి ఒక మూడు నుంచి అయిదుసార్లు తప్ప విడిపోవు. కాబట్టి ఈస్టర్ ఎగ్గర్ పుంజుకి రంపం జుట్టు ఉందంటే పీ కోంబూ రాలేదు, దాంతోపాటు రావలసిన నీలమూ రాలేదు. రంపం జుట్టుతోనే నీలం ఉండే లెగ్‌బార్ రక్తం ఆ హాచరీ కలిపి ఉంటే తప్ప ఈ లెక్క తప్పదు.

మీ పిల్లల లెక్క కూడా దీనికి సరిగ్గా కుదిరింది. పుంజుకి నీలం రెండు కాపీలుంటే ఆరుగురు కూతుళ్ళూ నీలమో పచ్చో పెట్టాలి. నాలుగు బ్రౌన్ వచ్చాయంటే ఆ మాట అక్కడే కొట్టుకుపోయింది. మారాన్స్ కూతుళ్ళకి నీలం ఇవ్వగలిగింది తండ్రి ఒక్కడే, అతని దగ్గర లేదు, రాలేదు. పచ్చ గుడ్ల లోంచి వచ్చిన నలుగురిలో ఇద్దరు పచ్చ, ఇద్దరు బ్రౌన్. తల్లి దగ్గర నీలం ఒక్క కాపీయే ఉండి, తండ్రి దగ్గర అసలు లేకపోతే సగం–సగమే రావాలి, వచ్చింది.

పచ్చగుడ్డు పెట్టినా బ్రౌన్ పెట్ట రావడానికీ జవాబు ఇదే. పెంకు కట్టింది తల్లి ఒళ్ళు. ఆ రంగు తల్లి సంగతి చెబుతుంది గానీ లోపల పెరుగుతున్న పిల్ల సంగతి చెప్పదు. ముదురు గుడ్లు ఏరి పొదిగించడం వల్ల మంచి తల్లులు దొరుకుతారు, అంతవరకు లాభమే. తండ్రి వాటా మాత్రం పెంకు మీద ఎక్కడా కనిపించదు. రంగుగుడ్ల పెంపకంలో తప్పులన్నీ దాదాపు ఇక్కడే జరుగుతాయి, పుంజు ఈకలు చూసి కొంటారు మరి.

సరే, ఏం చేయాలి? మీ దగ్గరున్న పెట్టలతోనే ఆలివ్ వస్తుంది, పుంజుని మారిస్తే చాలు. నీలం పుంజుని తెచ్చి మూడు మారాన్స్‌కి వేయొచ్చు, లేదా మారాన్స్ పుంజుని తెచ్చి మీ నీలం–పచ్చ పెట్టలకి వేయొచ్చు. మా సలహా రెండోదే. నీలం–పచ్చ పెట్టే పాత పెట్టలు మీకు అయిదున్నాయి, వాటి గుడ్డు కళ్ళముందు కనిపిస్తోంది. పైగా మొదటి దారిలో కొత్త పుంజుకి రెండు కాపీలున్నాయో ఒకటుందో మళ్ళీ అదే అనుమానం.

బ్లాక్ కాపర్ మారాన్స్ పుంజుని కొనేటప్పుడు రాగిరంగు మెడ ఎంత మెరుస్తోందని చూడకండి. దాని తల్లి గుడ్డు చూపించమనండి, తోబుట్టువుల గుడ్లు కూడా. మారాన్స్ వాళ్ళు 1 నుంచి 9 దాకా అంకెలున్న రంగుల పట్టీతో గుడ్డుని పోల్చి చూస్తారు. 4 కన్నా తక్కువైతే మారాన్స్ గుడ్డుగా లెక్కేయరు. మీరు 6, 7 దగ్గర ఉన్న తల్లి కొడుకుని పట్టుకోండి. హాచరీ మారాన్స్ చాలామటుకు 3, 4 దగ్గరే ఆగిపోతాయి, వాటితో వచ్చేది ఆలివ్ కాదు, కాస్త ముదురు పచ్చ. గుడ్లు ఫోటోలో కాకుండా కళ్ళతో, పగటి వెలుతురులో చూడండి. ఫోన్ కెమెరా ఏ బ్రౌన్ గుడ్డునైనా చాక్లెట్ చేసేస్తుంది.

పాత పుంజుని తీసేసిన రోజే కొత్తదాని గుడ్లు మొదలవవు. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు మూడు వారాలు నిలవుంటుంది. పాతది వెళ్ళాక నాలుగు వారాలు ఆగి, ఆ తర్వాతి గుడ్లే పొదుగుకి పెట్టండి. ఆలోగా వచ్చినవి తినేయండి. కొత్త పుంజుని కూడా తెచ్చిన వెంటనే మందలో వదలొద్దు, 30 రోజులు విడిగా, వేరే నీళ్ళగిన్నెతో ఉంచండి. మందల్లో జబ్బులు పరీక్షించే నేషనల్ పౌల్ట్రీ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్‌లో నమోదైన మంద నుంచి కొంటే పుల్లోరమ్ అనే కోళ్ళ జబ్బుకి పరీక్ష జరిగి ఉంటుంది, కాగితం అడగండి. 2022 నుంచి బర్డ్ ఫ్లూ అమెరికాలో చెలరేగుతున్న మాట మీకు తెలిసిందే, కోళ్ళ సంతలో చేతులు మారుతూ వచ్చిన పుంజు జోలికి పోకండి.

పన్నెండు పెట్టలకి ఒక్క పుంజు కాస్త ఎక్కువ పనే, ఎనిమిది నుంచి పదికి ఒకటి చొప్పున ఉంటే గుడ్లు బాగా పట్టుబడతాయి. మీకు కావలసిన తల్లులు అయిదే: నాలుగు ఈస్టర్ ఎగ్గర్లు, ఒక లెగ్‌బార్. వాటినీ మారాన్స్ పుంజునీ ఒక పెన్‌లో, అంటే కంచె కట్టిన చోట, వేరుచేస్తే సరిపోతుంది. మిగతావాటిని కలిపి వదిలినా పెద్ద నష్టం లేదు, కొత్త పచ్చగుడ్డు పెట్టలు రెండూ తప్ప నీలం–పచ్చ గుడ్డు పెట్టేవి ఆ అయిదే కదా. కాకపోతే లెగ్‌బార్ గుడ్డు ఏది, నీలం ఈస్టర్ ఎగ్గర్ గుడ్డు ఏది అన్నది కలగాపులగం అవుతుంది. దానికి పాత చిట్కా ఒకటుంది: రాత్రి గూట్లో ఉన్నప్పుడు లెగ్‌బార్ గుడ్డు దిగే చోట ఒక చుక్క ఫుడ్ కలర్ జెల్ రాయండి, మర్నాడు గుడ్డు మీద గీత పడుతుంది.

లెగ్‌బార్ విడిగా తెలియడం ఎందుకంటే, మారాన్స్ పుంజుతో దాని పిల్లలు పుట్టిన రోజే ఆడామగా తేలిపోతాయి. లెగ్‌బార్ ఈకల మీది చారల జన్యువు లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి దాన్ని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్ళకి ఇవ్వలేదు. పిల్లలన్నీ నల్లగా పుడతాయి. నడినెత్తిన తెల్లటి మచ్చ ఉన్నది పుంజుపిల్ల, మచ్చ లేకుండా నల్లగా ఉన్నది పెట్ట. ఈకలు ఆరి, దూది ఉండలా విచ్చుకున్నాక, మొదటి రెండు రోజుల్లోనే చూసుకోండి, తర్వాత అంత స్పష్టంగా ఉండదు. పైగా మంచి లెగ్‌బార్‌కి నీలం రెండు కాపీలుంటాయి కాబట్టి కూతుళ్ళందరూ ఆలివ్ వైపే వస్తారు. ఈ జతని తిరగేస్తే, అంటే లెగ్‌బార్ పుంజుని మారాన్స్ పెట్టకి వేస్తే, పిల్లలన్నిటికీ మచ్చ ఉంటుంది, ఏదీ తేలదు. ఇంత లాభం ఉంది గనక, ఇంకో రెండు లెగ్‌బార్ పెట్టలు కొనగలిగితే కొనండి. ఒక్కదాని నుంచి వారానికి నాలుగైదు గుడ్లకి మించి రావు, పొదుగుకి ఒకేసారి పెట్టడానికి అవి ఏ మూలకీ చాలవు.

ఈస్టర్ ఎగ్గర్ పెట్టల పిల్లల్లో ఆడామగా ముందే తెలియదు గానీ రంగు ముందే తెలుస్తుంది, మళ్ళీ జుట్టుతోనే. మారాన్స్‌ది రంపం జుట్టు. తల్లికి పీ కోంబ్ ఉంటే, పిల్లల్లో పీ కోంబ్ వచ్చినవి నీలం తెచ్చుకున్నట్టు, రంపం జుట్టు వచ్చినవి వట్టి బ్రౌన్ పెట్టలవుతాయి. ముందు మీ నలుగురు తల్లుల నెత్తిన చూసుకోండి. పీ కోంబ్ లేని తల్లి పిల్లలకి ఈ పరీక్ష పనికిరాదు. రోజు పిల్లని అరచేతిలో పట్టుకుని, ముక్కు మొదలు నుంచి నెత్తి వైపు బొటనవేలి గోరు మెల్లగా జరపండి. కత్తి అంచులా ఒకే సన్నటి గీత తగిలితే రంపం జుట్టు. వెడల్పుగా, చదునుగా, పక్కపక్కన గరుకు వరసలు తగిలితే పీ కోంబ్. అర్థం కాకపోతే మూడు నాలుగు వారాలు ఆగండి, కంటికే తెలుస్తుంది. సగం రక్తంలో పీ కోంబ్ కాస్త ఎత్తుగా, వంకరటింకరగా కూడా వస్తుంది, దాన్ని రంపం అనుకుని పొరబడకండి. లెగ్‌బార్‌కి రంపం జుట్టుతోనే నీలం ఉంటుంది కనక ఆ పిల్లల మీద ఈ పరీక్ష చెల్లదు. అందుకే పిల్లలు కలిసిపోకుండా చూసుకోవాలి. 18వ రోజున గుడ్లు తిప్పడం ఆపేసేటప్పుడు ఒక్కో తల్లి గుడ్ల మీద ఒక్కో చిన్న ప్లాస్టిక్ బుట్ట బోర్లించండి. లేవగానే కాలికి రంగు బ్యాండ్ వేయండి. వారానికోసారి వదులు చేస్తూ మార్చకపోతే పెరిగే కాలిని కోసేస్తుంది.

ఎన్ని గుడ్లు పెట్టాలంటే, ఈస్టర్ ఎగ్గర్ల గుడ్లు 24 పెడితే బాగా జరిగినప్పుడు 18 లేస్తాయి. అందులో పెట్టలు 9. తల్లులకి నీలం ఒక్క కాపీయే అనుకుంటే నాలుగో అయిదో నీలం తెచ్చుకుంటాయి. ఇరవైనాలుగు గుడ్లకి నాలుగు ఆలివ్ పెట్టలు, ఇదీ అసలు లెక్క. ఆరు గుడ్లు పెట్టి ఆలివ్ రాలేదని దిగులుపడితే ఎలా చెప్పండి.

పొదుగు దగ్గర కూడా మీకు దెబ్బ తగిలింది. 99.5 ఫారన్‌హీట్ అన్నది ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్ లెక్క. ఫ్యాన్ లేనిదాంట్లో వేడి గాలి పైకి, చల్లగాలి కిందికి పొరలుగా నిలబడుతుంది. అందులో థర్మామీటర్‌ని గుడ్ల పైఅంచు ఎత్తులో పెట్టి 101.5 నుంచి 102 ఉంచాలి. 99.5 ఉంటే గుడ్డు మధ్యలో ఇంకా తక్కువే తగులుతుంది, 21వ రోజున రావలసిన పిల్లలు 23కి వస్తాయి, బలంలేనివి పెంకులోనే ఆగిపోతాయి. పద్దెనిమిదికి పదకొండే లేవడానికి మొదటి అనుమానం దీని మీదే.

తేమ మొదటి పద్దెనిమిది రోజులు 45–50 శాతం, చివరి మూడు రోజులు 65–70. అయితే మారాన్స్ గుడ్లు మళ్ళీ పెడితే ఒక తేడా గుర్తుంచుకోండి: ఆ చిక్కటి పూత వల్ల తడి తక్కువగా బయటికి పోతుంది, పెంచేవాళ్ళు వాటికి తేమ 35–40 దగ్గరే ఉంచుతారు. ఊహతో పనిలేదు, వంటింటి గ్రాముల కాటా చాలు. మొదటి రోజు ప్రతి గుడ్డూ తూచి పెన్సిల్‌తో రాయండి. 18వ రోజుకి 11–13 శాతం తగ్గాలి, 60 గ్రాముల గుడ్డు 53 దగ్గరికి రావాలి. తగ్గుదల చాలకపోతే తేమ తగ్గించండి, లేకపోతే పిల్ల లోపలి గాలిగది చాలక, తడిలో మునిగినట్టయి ముక్కుతో పొడవలేకపోతుంది. ముదురు గుడ్లలో లైటు వేసి చూడటం కష్టం, ఏడో రోజున ఏమీ కనపడట్లేదని పారేయకండి, పద్నాలుగో రోజున మళ్ళీ చూడండి. అక్కడికీ తెలియకపోతే వాసన వచ్చేదాన్ని తప్ప దేన్నీ తీయకండి.

పొదుగుకి పెట్టే గుడ్లు కడగకండి. కడిగితే పైపొర పోయి క్రిములు లోపలికి వెళ్తాయి, మారాన్స్ రంగైతే తడి గుడ్డకే అంటుకొస్తుంది. 55–65 ఫారన్‌హీట్ చల్లదనంలో, సన్నటి కొన కిందికి పెట్టి, ఏడు రోజుల లోపు పోగైనవే వాడండి. మీ టెక్సస్ గరాజ్ అంత చల్లగా ఫిబ్రవరి దాటాక ఉండదు, ఇంట్లో చల్లటి గది చూసుకోండి. పెన్‌లో పుంజు ఉంటుంది కనక కాల్షియం ఎక్కువుండే లేయర్ మేతకి బదులు 18–20 శాతం మాంసకృత్తులున్న ఆల్ ఫ్లాక్ మేత (మంద మొత్తానికీ పనికొచ్చేది) వేసి, ఆల్చిప్ప పొడి విడిగా గిన్నెలో పెట్టండి. పెట్టలు కావలసినంత తింటాయి, పుంజుకి అక్కర్లేని కాల్షియం బలవంతంగా పోదు. మేత వల్ల పచ్చసొన రంగు మారుతుంది గానీ పెంకు నీలమవదు, ఆకుపచ్చవదు. ఇది అడక్కపోయినా చెప్పాల్సొచ్చింది, ఎవరో ఒకరు మీకు ఆ సలహా ఇస్తారు కాబట్టి.

ఇంట్లో పొదిగిన పిల్లలకి మారెక్స్ టీకా ఉండదు. మీ చుట్టుపక్కల ఆ జబ్బు ఉంటే రోజు పిల్లలకే వేయాలి. సీసా 1,000 మోతాదులది, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, కాబట్టి పిల్లలన్నీ ఒకే రోజు లేచేలా చూసుకుంటే ఒక సీసాతో పోతుంది.

మొదటి తరం ఆలివ్ పెట్టలు అయిదారు నెలలకి గుడ్డుకొస్తాయి. మారాన్స్ రక్తం వల్ల కొన్ని ఏడో నెలకీ వస్తాయి, కంగారుపడకండి. మొదటి వారం గుడ్డు చూసి తీర్పు చెప్పొద్దు. పది పన్నెండు గుడ్లు చూడండి. బ్రౌన్ పూత గుడ్డుకొచ్చిన కొత్తలోనూ, ఈకలు రాల్చి మళ్ళీ మొదలుపెట్టినప్పుడూ చిక్కగా ఉండి, వరసగా పెడుతున్న కొద్దీ పలచబడుతుంది. ఎండాకాలం ఇంకా పలచన. అడుగున ఉన్న నీలం అలాగే ఉంటుంది గనక ఆలివ్ పెట్ట జూలైకి మామూలు పచ్చగుడ్డు పెడుతున్నట్టు కనిపిస్తుంది. ఏ పెట్టని ఉంచుకోవాలో ఆగస్టులో తేల్చకండి.

ఇంకా ముదురు కావాలంటే ఆ ఆలివ్ కూతుళ్ళలో మంచివాటిని మళ్ళీ మారాన్స్‌కే వేయాలి. తండ్రికే కాకుండా, వేరే ఇంటి మారాన్స్ పుంజుకి వేస్తే మేలు. అప్పుడు బ్రౌన్ చిక్కబడుతుంది, నీలం మాత్రం సగం పిల్లలకే అందుతుంది. మిగతా సగం ముదురు బ్రౌన్. ఈస్టర్ ఎగ్గర్ వైపు నుంచి వచ్చినవాటిలో పీ కోంబ్ పరీక్ష ఇక్కడా పనిచేస్తుంది. ఆలివ్‌ని ఆలివ్‌తో కడితే నాలుగింట మూడు వంతులకి నీలం వస్తుంది గానీ బ్రౌన్ పూత ఒక్కోదానికి ఒక్కోలా చెదిరిపోయి బుట్టలో ప్రతి గుడ్డూ వేరే రంగవుతుంది. కొందరికి అదే ముచ్చట.

మచ్చలేని నీలం కావాలనుకుంటే మారాన్స్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. మీ నీలం ఈస్టర్ ఎగ్గర్‌కీ, రెండు లెగ్‌హార్న్‌లకీ అసలైన అమెరౌకానా పుంజుని వేయండి. లెగ్‌హార్న్ తెల్లపెంకు మీద బ్రౌన్ చాలా తక్కువ గనక పిల్లలు లేత నీలం పెడతాయి, లెగ్‌హార్న్‌లా విడవకుండా పెడతాయి. ఆ పుంజుకి నీలం ఎన్ని కాపీలో తేల్చేది కూడా ఈ లెగ్‌హార్న్ కూతుళ్ళే: అయిదుగురు కూతుళ్ళూ నీలం పెడితే రెండు కాపీలని నమ్మొచ్చు, ఒక్క కాపీతో అలా జరిగే అవకాశం 32లో ఒకటే. అంతకాలం ఆగలేకపోతే ఈకో రక్తపు చుక్కో పంపితే నీలం జన్యువు పరీక్ష చేసే ల్యాబ్‌లు అమెరికాలో ఉన్నాయి. తోకలేని అరౌకానా జంటని మాత్రం కొత్తగా పెంచేవాళ్ళకి చెప్పం. చెవుల దగ్గర ఈకల కుచ్చులున్న రెంటిని జతకడితే పావు వంతు పిల్లలు పెంకులోనే చనిపోతాయి.

ఏ జత కట్టినా సగం పుంజుపిల్లలే. లెగ్‌బార్ పిల్లల్లో మొదటి రోజే తెలుస్తుంది కనక ఎవరికైనా ఇచ్చేయడం తేలిక. మిగతావాటి సంగతి, అంటే వండుకుంటారా, ఇస్తారా, ఎవరికి ఇస్తారన్నది, ఇంక్యుబేటర్ స్విచ్ వేయకముందే తేల్చుకోండి. మూడు నెలలకి కూతలు మొదలై ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. మీ కౌంటీ, హౌసింగ్ అసోసియేషన్ రూల్స్‌లో పుంజుల మాట విడిగా రాసి ఉంటుంది, చూసుకోండి.

మామగారికి: కడక్‌నాథ్ మాంసం నలుపు, ఎముక నలుపు, గుడ్డు మాత్రం మీగడరంగు నుంచి లేత బ్రౌనే. నల్లగుడ్డు ఫోటోలు నమ్మి పొదుగుడు గుడ్లకి డబ్బు కట్టొద్దని చెప్పండి. నాటుకోళ్ళలో, అసీల్‌లో, రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియల్లో ఉన్నది మీగడ, బ్రౌన్ రంగులే. అసీల్ పుంజుకి చక్కటి పీ కోంబ్ ఉంటుంది గానీ దాని పక్కింట్లో నీలం లేదు, అమెరౌకానా జుట్టు లెక్క దానికి వర్తించదు. నీలం అన్నది బయటినుంచి ఆ రక్తం వస్తేనే వస్తుంది, అనుమతి కాగితాలు లేకుండా అమెరికా నుంచి పొదుగుడు గుడ్లు తీసుకెళ్ళడానికి వీల్లేదు. ఆయన దగ్గరున్నవాటితో చేయగలిగింది బ్రౌన్‌ని ముదురు చేయడం. గ్రామప్రియ పెట్టల్లో అన్నిటికన్నా ముదురు గుడ్డు పెట్టే రెండింటిని గుర్తుపట్టి, వాటి కొడుకునే పుంజుగా ఉంచుకుంటూ రెండు మూడు తరాలు నడపమనండి. పుంజుని మాత్రం సంతలో మెడ చూసి కొనొద్దు.